34 మిల్లీమీటర్ల ద్వారము

మోటారుకారు పెట్రోలుతో నడచునని మనమందరము అనుచుందుము. అందు అసత్యము లేదు గాని, సత్యములో సగమే కలదు. సిలిండరులో ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా దగ్ధము కావలెనన్న దానికి దాదాపు పదునైదు గ్రాముల గాలి తోడు కావలెను. పెట్రోలును పంపుతో కోరినంత చిమ్మవచ్చును. గాలి మాత్రము, పిస్టను క్రిందికి దిగునపుడు ఏర్పడు వెలితిలోనికి, దారిలోని గొట్టములును కవాటములును ఎంత రానిచ్చునో అంతయే వచ్చును. కావున ఒక ఇంజనునుండి ఎంత శక్తిని రాబట్టగలమన్న ప్రశ్న, విచారించి చూచినచో, ఒక సెకనులో దానిచేత ఎంత గాలిని పీల్పింపగలమన్న ప్రశ్నగానే తేలును. ఈ సూత్రమును ఆధారముగా గొనియే ర్యాలీ పందెముల నియమకర్తలు, 1990వ సంవత్సరము మొదలు నేటివరకును, ప్రపంచములోని మేటి పందెపుకార్ల బలమును వ్రేలెడు పొడవైన లేని ఒక లోహకంఠముతో అదుపులో నుంచుచున్నారు. దాని పేరు టర్బో రెస్ట్రిక్టరు.

ర్యాలీ అనునది వలయాకారపు బాటపై గుంపుగా పరుగిడు పందెము కాదు. అడవిదారులు, కొండచరియలు, మంచు గప్పిన పల్లెబాటలు మొదలగు సాధారణ మార్గములనే కొన్ని గంటలపాటు మూసివేసి, కార్లను ఒకదాని వెనుక ఒకటిగా నియతకాలాంతరమున విడిచి, స్టేజి అనబడు అట్టి ఒక్కొక్క మార్గఖండమును ఎవరెంత తక్కువ కాలమున ముగించిరో లెక్కించుట దాని పద్ధతి. డ్రైవరు ప్రక్కన కూర్చున్న కో డ్రైవరు ముందు రానున్న మలుపులను వ్రాతప్రతినుండి చదివి వినిపించుచుండును. బాటకు అంచుగోడలు లేవు. ఒకవైపు చెట్లు, మరియొకవైపు లోయ, రెండువైపులను ప్రేక్షకులు. ఇట్టిచోట ఇంజను బలము హద్దు మీరినచో కలుగు ముప్పు, కంచెలు కట్టిన పందెపుబాటపై కలుగుదానికంటె ఎన్నో రెట్లు ఘోరమైనది.

ఆ ముప్పును తెచ్చినది టర్బోయే. సిలిండరులలో మండిన వాయువులు పొగగొట్టమునుండి వృథాగా పోవుచుండగా, వాని దారిలో ఒక చిన్న టర్బైనును నిలిపి, అదే ఇరుసు రెండవ కొనయందు కంప్రెసరను మరియొక చక్రమును బిగించినచో, నిమిషమునకు లక్షకు మించిన చుట్లతో తిరుగు ఆ చక్రము బయటి గాలిని పట్టి, నొక్కి, ఇంజనులోనికి కుక్కును. ఇంజను ఘనపరిమాణము పెరుగలేదు. అందు ఇముడు గాలి మాత్రము రెండింతలో మూడింతలో అయినది. శక్తియు అట్లే పెరిగినది. 1982లో గ్రూప్ బి అను నియమావళి అమలులోనికి రాగా, ఆడి, ప్యూజో, లాన్సియా, ఫోర్డు సంస్థలు నిర్మించిన కార్లు నాలుగేండ్లలోనే దాదాపు 500 అశ్వశక్తులను అందుకొనెను. 1985 మే 2వ తేదీన కోర్సికా ద్వీపపు ర్యాలీలో ఆటిలియో బెట్టెగా మరణించెను. 1986 మార్చిలో పోర్చుగల్ ర్యాలీలో ఒక కారు జనములోనికి దూసికొనిపోగా ముగ్గురు ప్రేక్షకులు బలియైరి. అదే ఏడాది మే 2వ తేదీన, మరల కోర్సికాలోనే, లాన్సియా డెల్టా ఎస్4 కారు లోయలో పడి దగ్ధము కాగా ఫిన్లాండు డ్రైవరు హెన్రి టోయివొనెనును, అతని కో డ్రైవరు సెర్జియో క్రెస్టోయును అందే అసువులు బాసిరి. గ్రూప్ బి కథ ఆ సంవత్సరముతో ముగిసినది.

తరువాత వచ్చిన గ్రూప్ ఎ కార్లు బజారులో అమ్ముడుపోవు కార్లనుండి పుట్టినవి. వాని బలము 300 అశ్వశక్తుల చుట్టుప్రక్కల నుండవలెనని అధికారుల సంకల్పము. కాని సంకల్పము వేరు, కట్టడి వేరు. ఇంజను ఘనపరిమాణమునకు హద్దు పెట్టినచో టర్బో దానిని దాటించును. టర్బో పీడనమునకు హద్దు పెట్టినచో, నడుచుచున్న కారులో దానిని క్షణక్షణము కొలుచుటకు నాటి సాధనములు చాలవు. ప్రతి కారును బల్లపై బిగించి శక్తిని తూచుట అడవిలో జరుగు పందెమునందు ఆచరణసాధ్యము కాదు. తుదకు వారు గాలి లోపలికి పోవు ద్వారమునే కుదించుటకు నిశ్చయించిరి. 1990లో 40 మిల్లీమీటర్లు, 1992లో 38, 1995లో 34: ఇట్లు ఆ కంఠపు వ్యాసము క్రమక్రమముగా కృశించెను. వ్యాసములో 40కిని 34కిని గల భేదము చూపునకు స్వల్పమే. వైశాల్యమున నూటికి ఇరువదియెనిమిది పాళ్ళు తగ్గుదల.

నియమము చూచుటకు సరళము, చదివినకొలది లోతు. ఇంజనునకు కావలసిన గాలి యావత్తును ఈ కంఠముద్వారానే పోవలెను; మరి యే చిల్లియు, ఏ పగులును ఉండరాదు. ఆ ఇరుకుతనము కనీసము మూడు మిల్లీమీటర్ల పొడవున నిలిచి యుండవలెను. కంప్రెసరు రెక్కల మొదలునకు 50 మిల్లీమీటర్లకు మించిన దూరమున ఉండరాదు. తనిఖీదారులు దానికి సీలు వేయుదురు. ఆ సీలు చెడకుండ దానిని ఊడదీయుట సాధ్యము కారాదు. కొలుచుటకు ఒక కొలబద్ద చాలును. అధికారి చేతిలో ఇంతకంటె సులభమైన ఆయుధము మోటారుపందెములలో మరియొకటి లేదని నా నిశ్చితాభిప్రాయము.

ఇచట పాఠకునకు సహజముగా ఒక సందేహము పొడమును. ద్వారము చిన్నదైన నేమి, ఇంకను బలముగ పీల్చినచో గాలి ఇంకను వేగముగ రాదా? కొంతవరకు వచ్చును. కంప్రెసరు బలముగ లాగినకొలది కంఠములో గాలివేగము హెచ్చును, అచటి పీడనము తగ్గును. కాని గాలికి ఒక స్వభావము కలదు: ముందు ఏర్పడిన వెలితిని గూర్చిన సమాచారము, వెనుక వచ్చు గాలికి, శబ్దవేగముతోనే చేరును. కంఠములోని గాలియే శబ్దవేగముతో పరుగిడుచున్నపుడు, దానికి ఎదురీది ఆ సమాచారము బయటికి పోజాలదు. అప్పటినుండి లోపల కంప్రెసరు ఎంత పెనుగులాడినను బయటి గాలికి తెలియదు. ప్రవాహము ఆ మేరకే స్థిరపడిపోవును. చెరువు తూమును తలచుకొన్నచో ఇది సుబోధకమగును: దిగువ పొలములు ఎంత ఎండియున్నను, తూమునుండి వచ్చు నీరు తూము వెడల్పును, చెరువులోని నీటిమట్టమును బట్టియే యుండును గాని పొలముల దాహమును బట్టి యుండదు. ఫ్రాన్సు దేశీయులగు సాన్ వెనాన్, వాంట్జెల్ అను శాస్త్రజ్ఞులు 1839లోనే, అనగా మోటారుకారు పుట్టుటకు దాదాపు అర్ధశతాబ్దము ముందుగనే, రంధ్రములనుండి వెడలు వాయువుల ప్రవాహమునకు సూత్రము నిర్మించిరి. ర్యాలీ రెస్ట్రిక్టరు లెక్కలకు మూలము నేటికిని అదియే.

ఆ లెక్కను ఒకపరి చేసి చూతము. 34 మిల్లీమీటర్ల వ్యాసముగల వృత్తము వైశాల్యము తొమ్మిది చదరపు సెంటీమీటర్లకు ఇంచుక అధికము. సముద్రమట్టమున, 15 డిగ్రీల ఉష్ణోగ్రతగల గాలి, ఆ కంఠముద్వారా సెకనుకు సుమారు 220 గ్రాములు పోగలదు. పరిమాణమున అది దాదాపు 180 లీటర్లు. అంతకుమించి ఒక్క గ్రాము పోదు. ఆ వేళ కంఠములోని గాలి గంటకు వేయి కిలోమీటర్లను మించిన వేగముతో కదలుచు, వ్యాకోచమువలన చల్లబడి, సున్నకు దిగువ 33 డిగ్రీల శైత్యమును పొందియుండును; అడుగు దూరముననే టర్బైను ఎఱ్ఱగా కాలుచుండ, ఈ వైపు ఇట్టి చలి! 220 గ్రాముల గాలి పదునైదు గ్రాముల పెట్రోలును మాత్రమే దహింపగలదు. ఆ పెట్రోలునుండి వెలువడు ఉష్ణశక్తి సుమారు 645 కిలోవాట్లు. అందులో మూడవ వంతుకు కొంచెము పైగా మాత్రమే చక్రములను త్రిప్పు శక్తిగా మారును. అది 220 కిలోవాట్లు, అనగా 300 అశ్వశక్తులు. అధికారులు కోరిన అంకె ఇట్లు ప్రకృతినియమమునుండియే లభించినది; ఇంజనులో పెట్రోలు ఎంత అదనముగా పోసినను, మండుటకు ప్రాణవాయువు లేనందున, ఆ హద్దు చెదరదు.

హద్దు చెదరకున్నను, హద్దువరకు చేరు విధానములో నేర్పునకు తావు కలదు. కంఠమునకు ముందుభాగమును గంటవలె నునుపుగ తీర్చినచో గాలి అంచులయందు సుడులు తిరుగక నిండుగ ప్రవేశించును. కంఠము దాటిన పిమ్మట మెల్లగ విప్పారు శంఖాకారపు గొట్టమున్నచో, వేగముగ మారిన పీడనము తిరిగి పీడనముగ మారి కంప్రెసరు శ్రమ తగ్గును. ఆ విప్పారుటకు ఎంత దీర్ఘమైన చోటు దొరకిన అంత మేలు. 50 మిల్లీమీటర్ల నియమము ఆ చోటునే హరించుచున్నది. అయినను ఆ కొద్దిపాటి జాగాలోనే వంపులను దిద్దుటకు ఇంజనీర్లు వెచ్చించిన శ్రద్ధ అపారము.

రెస్ట్రిక్టరు శక్తికి హద్దు పెట్టినదన్నంతనే కథ ముగియదు. అది ఇంజను స్వభావమునే మార్చివేసినది. ఈ విషయము కొంత నిదానముగ తెలిసికొనదగినది. మామూలు పందెపు ఇంజనులో చుట్లు పెరిగినకొలది గాలి పెరుగును, గాలితో శక్తి పెరుగును. కావున నిమిషమునకు ఎనిమిదివేలు, తొమ్మిదివేలు చుట్లు త్రిప్పుటయే లాభము. రెస్ట్రిక్టరు గల ఇంజనులోనో, గాలి ఒకసారి గరిష్ఠమును చేరినపిదప, చుట్లు పెంచిన మాత్రమున ఆ 220 గ్రాములే ఎక్కువ పాళ్ళుగా పంచబడును. రెండు లీటర్ల ఇంజను 3500 చుట్ల వద్ద ఆ గాలినంతటిని మ్రింగవలెనన్న, సిలిండరులు బయటి గాలికంటె మూడు రెట్లకు మించిన పీడనముతో నిండవలెను. 7000 చుట్ల వద్ద సాంద్రతలో సగముగ నిండినను చాలును. మొదటి సందర్భమున పిస్టనుపై పడు దెబ్బ రెండింతలు బలమైనది. శక్తి రెంటను ఒకటియే. టార్కు, అనగా ఇరుసును త్రిప్పు బలము, మొదటిదానియందు రెట్టింపు. అందుచే 1990ల చివరి దశకును, 2000 తరువాతి దశకమునకును చెందిన రెండు లీటర్ల ప్రపంచ ర్యాలీ కార్లు 600 న్యూటన్ మీటర్ల టార్కును ప్రసాదించుచు, 6500 చుట్లు దాటవలసిన అవసరమే లేక, బరువు లాగు డీజిల్ బండ్ల లక్షణమును సంతరించుకొనెను. సన్నని మలుపునుండి వెలువడునపుడు ఏ గేరులో నున్నను కారు ముందుకు ఉరుకును. డ్రైవరునకు దానికంటె కావలసినదేమి? గరిష్ఠశక్తిని కోల్పోయిన కార్లు కొన్ని స్టేజిలయందు తమ పూర్వీకులకంటె వేగముగ పరుగెత్తుటకు టైర్లు, సస్పెన్షను, నాలుగుచక్రముల డ్రైవుతోబాటు ఈ విశాలమైన టార్కు కూడ ఒక హేతువు.

అయితే ఆ టార్కు నిలువవలెనన్న టర్బో ఎప్పుడును తిరుగుచుండవలెను. మలుపునకు ముందు డ్రైవరు యాక్సిలరేటరునుండి కాలు తీసినచో పొగ తగ్గి, టర్బైను మందగించి, మరల కాలు నొక్కినప్పుడు క్షణకాలము ఇంజను నిస్త్రాణమై యుండును. దీనికి విరుగుడుగా వచ్చినది యాంటీ ల్యాగ్ పద్ధతి. కాలు తీసినను కొంత గాలిని లోనికి విడిచి, నిప్పురవ్వను ఆలస్యముగ రగిలించి, లేదా నేరుగా ఎగ్జాస్టు మానిఫోల్డులోనికే గాలిని పంపి, సిలిండరులో మండవలసిన ఇంధనమును టర్బైను ముంగిట మండించుట దాని తంత్రము. ర్యాలీ కారు మలుపులలో తుపాకులు ప్రేల్చినట్లు చప్పుడు చేయుటకు కారణమిదియే. ఈ పనికి వాడు గాలి సయితము ఆ కంఠమునుండి వచ్చినదే కావలెనన్నది మరువరాదు.

ఇంత కఠినమైన కట్టడి ఉన్నచోట దానిని దొంగచాటుగ దాటు ప్రలోభము పుట్టకుండునా? 1995 అక్టోబరులో స్పెయిన్ దేశపు కాటలూన్యా ర్యాలీలో అది బయల్పడినది. టయోటా సెలికా జిటి ఫోర్ కార్లలోని రెస్ట్రిక్టరును తనిఖీదారులు శోధింపగా, అది గాలిగొట్టముతో కూర్చి క్లిప్పును బిగించినపుడు బలమైన స్ప్రింగులను త్రోసికొని ఐదు మిల్లీమీటర్లవరకు జరిగి, కంఠము చుట్టును గాలికి ఒక రహస్యమార్గమును తెరచుచున్నట్లును, తనిఖీకై గొట్టమును ఊడదీసినంతనే స్ప్రింగులు వెనుకకు నెట్టి, పరికరమును శాసనసమ్మతమైన స్థితిలో నిలుపుచున్నట్లును తేలినది. కొలబద్దతో కొలిచిన 34 మిల్లీమీటర్లే, సీలు చెక్కుచెదరలేదు, దాపరికపు గుర్తు వెలుపల ఒక్కటియు లేదు. అంతర్జాతీయ మోటారు వాహన సమాఖ్య అధ్యక్షుడు మాక్స్ మోస్లీ దాని నిర్మాణచాతుర్యమునకు బహిరంగముగనే ఆశ్చర్యము ప్రకటించెను. జట్టునకును, యూహా కాంకునెన్, డిడియే ఓరియాల్, ఆర్మిన్ ష్వార్జ్ అను దాని డ్రైవర్లకును ఆ ఏటి పాయింట్లన్నియు రద్దయ్యెను. జట్టు ప్రపంచ ర్యాలీనుండి పండ్రెండు నెలలపాటు బహిష్కృతమయ్యెను. ఆ ఏడు సుబారు కారుతో కాలిన్ మెక్రే విజేతయై, ప్రపంచ ర్యాలీ డ్రైవర్ల ఛాంపియనుపదవిని పొందిన తొలి బ్రిటిషువాడుగ నిలిచెను.

ఆ పరికరమును కల్పించిన మేధను నేను తక్కువగ చూడజాలను. కాని దాని వినియోగమును మన్నింపజాలను. గ్రూప్ బి కాలమున బాటప్రక్కన ప్రాణములు విడిచినవారి ఉదంతము ఎరిగినవారెవ్వరికిని ఆ కంఠము వట్టి పందెపునియమముగ తోపదు. అది రక్షణకై వేసిన కట్ట. దానికి గండి కొట్టుట నేర్పరితనమనిపించుకొనదు.

రెస్ట్రిక్టరువలన కలుగు ఒక విపరీతమును ఇచట చెప్పవలసియున్నది. టర్బో గల సాధారణపు కారు కొండలపైకి పోయినపుడు, అచటి పలుచని గాలినే మరింత నొక్కి, లోటును చాలవరకు పూడ్చుకొనును. ర్యాలీ కారునకు ఆ భాగ్యము లేదు. కంఠమునుండి పోగల గాలి బయటి పీడనమును బట్టి యుండుటచే, మెక్సికో దేశమున లియోన్ నగరప్రాంతపు కొండలలో 2,700 మీటర్లకు పైబడిన ఎత్తున, పీడనము సముద్రతీరపుదానిలో నూటికి 72 పాళ్ళకు పడిపోవగా, ఇంజను తన బలములో దాదాపు నాలుగవ వంతును కోల్పోవును. 2004లో ప్రపంచ ర్యాలీ అచటికి చేరినపిదప, పందెము అచట జరిగిన ప్రతి ఏటను, ప్రతి జట్టునకును ఇది తలనొప్పియే అయినది.

కాలక్రమమున కొలతలు మారుచు వచ్చినవి. 2011లో ఇంజను 1.6 లీటర్లకు తగ్గి, కంఠము 33 మిల్లీమీటర్లయ్యెను. టర్బో పీడనమునకు కూడ 2.5 బార్ల హద్దు ఏర్పడుటచే, పాత రెండు లీటర్ల ఇంజనుల బండటార్కు అంతరించి, చుట్లు ఎక్కువగ తిరుగు ఇంజనులు మరల వచ్చెను. 2017లో కంఠమును 36 మిల్లీమీటర్లకు పెంచగా, వైశాల్యము నూటికి పందొమ్మిది పాళ్ళు పెరిగి, శక్తి దాదాపు 380 అశ్వశక్తులకు చేరినది. 2022లో విద్యుత్ మోటారు తోడై హైబ్రిడ్ కార్లు వచ్చినవి. 2025లో ఆ మోటారును తీసివేసి, కార్లు తేలికపడినందున కంఠమును 35 మిల్లీమీటర్లకు కుదించిరి. వీనికి దిగువ తరగతియగు ర్యాలీ2 కార్లకు కంఠము 32 మిల్లీమీటర్లే. పూర్వము ఆర్5 అను పేరుతో పిలువబడిన ఈ తరగతికి చెందిన స్కోడా ఫాబియాతోనే మన దేశపు గౌరవ్ గిల్ 2016, 2017 సంవత్సరములలో ఆసియా పసిఫిక్ ర్యాలీ విజేతయై, 2019లో అర్జున పురస్కారమును పొందెను.

ఈ విద్యతో తెలుగు యువకులకు సంబంధము లేదనుకొనరాదు. ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు స్వయముగ పందెపుకారును నిర్మించి పోటీకి తెచ్చు ఫార్ములా స్టూడెంట్ నియమావళిలో, పెట్రోలు ఇంజనులకు 20 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టరు విధిగా నుండవలెను. సెకనుకు సుమారు 75 గ్రాముల గాలికి మించి అది పోనీయదు. మన కళాశాలల బృందములు ఇట్టి పోటీలకు పూనుకొనునపుడు, పెద్ద ఇంజనును వెదకుటకో, ఖరీదైన టర్బోను కొనుటకో ముందుగ పరుగెత్తుట కలదు. వారికి నా మనవి ఒక్కటియే: మొట్టమొదట కంఠపు వైశాల్యమును లెక్కించుడు, అందునుండి పోగల గాలిని, ఆ గాలితో మండగల పెట్రోలును, ఆ పెట్రోలుతో రాగల శక్తిని కాగితముపై తేల్చుకొనుడు, ఆ శక్తి ఏ చుట్లవద్ద కావలెనో నిర్ణయించుకొనిన పిమ్మటనే ఇంజనును ఎంచుకొనుడు.